కాశీబుగ్గ నుంచి కాశీకి ఏసీ బస్సు

ఆ ఫ్లెక్సీ మీరూ చూసే ఉంటారు. చూడలేదంటే ఈ వారం ఇల్లు కదల్లేదన్నమాట. ఎడమ పక్క విశ్వనాథుడి శిఖరం, కుడి పక్క అరుణగిరి, మధ్యలో పుష్‌బ్యాక్ సీట్ల బస్సు. రెండు క్షేత్రాలూ కలిపినా బస్సే పెద్దది. కింద ఎర్రక్షరాల్లో ప్రశ్న: కాశీయా? అరుణాచలమా? రెండింటికీ ఒకటే రేటు. రేటు తేడా లేకపోతే మనిషికి మిగిలేది ఆధ్యాత్మిక సందేహమే గదా.

ఆ సందేహం మా పలాస-కాశీబుగ్గలో జ్వరంలా పాకింది. టీ కొట్టు దగ్గర అదే మాట. జీడిపిక్కల బట్టీ దగ్గర అదే మాట. క్షౌరశాలలో నా సగం తల అయ్యాక కత్తెర ఆపి మరీ అడిగారు, "ఏటి మాస్టారూ, ఎటు ఎల్తన్నారు?" అని. ఎటూ లేదన్నాను. ఒంట్లో బాగులేదా అన్నారు. వేసవి సెలవుల్లో పలాసవాడు జీడిచెట్టు నీడన మంచం వాల్చుకుని పడుకోవడం ఒకప్పుడు ఆరోగ్యం. ఇప్పుడది రోగలక్షణం.

నన్ను ఈ గొడవలోకి లాగినవాడు మా బావమరిది. కాశీతో అతనికి పాత లావాదేవీ ఉంది. ముప్పై ఏళ్ల కిందట నా పెళ్లిలో నేను గొడుగు పట్టుకుని, పావుకోళ్లు తొడుక్కుని కాశీకి బయల్దేరితే, పందిరి దాటకముందే గడ్డం పట్టుకుని బతిమాలి, నోట్లో బెల్లం ముక్క పెట్టి వెనక్కి తిప్పినవాడు ఇతనే. ఆరోజు నా మోక్షానికి అడ్డం పడ్డ మనిషి ఈరోజు టిక్కెట్టు తీస్తానంటున్నాడు. "అప్పని కూడా తీసుకెల్దాం బావా" అంటాడు. అప్ప అంటే మా ఆవిడ. ఆనాడు నన్నాపిందీ ఆ అప్ప కోసమే.

వాట్సాప్‌లో మా కుటుంబం గ్రూపు ఒకటి ఉంది. అందులో ఓటింగు పెట్టాడు. కాశీకి పదకొండు, అరుణాచలానికి తొమ్మిది, మా మేనకోడలు ఒక్కర్తీ ఊటీ అని రాసింది. ఆ పిల్లను గ్రూపులోంచి తియ్యలేదు గానీ తీసినంత పని చేశారు. తొమ్మిది ఓట్లవాళ్లు పదకొండు ఓట్లవాళ్లతో రెండు రోజులు మాట్లాడలేదు. రెండు చోట్లా నిలబడ్డ అభ్యర్థి ఒక్కడే అన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

మా నాయన కాలంలో ఈ ప్రశ్న ఇంకోలా ఉండేది: జగన్నాథమా, తిరుపతా? జవాబు జేబు చెప్పేది. పూరీ దగ్గర, కొండ దూరం. కొబ్బరి ధర పలికిన ఏడాది కొండకి, పలకని ఏడాది జగన్నాథానికి, తోట ఎండిన ఏడాది ఇంట్లోనే దీపం. అందులో వాదన లేదు. ఇప్పటికీ పూరీ–తిరుపతి ఎక్స్‌ప్రెస్ పలాసలో ఆగుతుంది. ఒకటే బండి, ఉత్తరం పోతే వాడు, దక్షిణం పోతే వీడు. ఆ బండెక్కేవాళ్లెవరూ ఏ దేవుడికి మైలేజీ ఎక్కువని అడగ్గా నేను వినలేదు.

ఇక అసలు జబ్బు దగ్గరికొస్తాను. పుణ్యం లెక్క.

ఫ్లెక్సీతోపాటు ఒక కరపత్రం పంచుతున్నారు. అరుణాచలం వైపు పట్టికలో ఏ వారం గిరి చుట్టూ తిరిగితే ఏ ఫలమో ఉంది. ఒక వారం అప్పులు తీరతాయి, ఒక వారం జ్ఞానం వస్తుంది. అప్పు తీరే వారానికి సీట్లు అయిపోయాయట, జ్ఞానం వారానికి ఖాళీలున్నాయట. కాశీ వైపు ఏడు తరాల పితృదేవతలు తరిస్తారని ఉంది. ఆ ఏడు తరాలవాళ్ల పేర్లు చెప్పమంటే మా వీధిలో మూడో తరం దగ్గరే అందరూ దగ్గుతారు. అన్నిటికంటే అడుగున చిన్న అక్షరాల్లో, ఒక గిరిప్రదక్షిణ ఇన్ని కాశీయాత్రలకు సమానం అని ఒక అంకె. ఆ అంకె నేనిక్కడ రాయను. రాస్తే అదీ ఒక ప్రమాణమైపోతుంది.

నేను లెక్కల మాస్టారిని. రిటైరైనా రోగం పోలేదు. బుకింగ్ బల్ల దగ్గర కూర్చున్న కుర్రాణ్ని అడిగాను, "బాబూ, ఒక అరుణాచలం అన్ని కాశీలకు సమానమైనప్పుడు అదే రేటుకి ఒక్క కాశీ కొనుక్కునేవాడు పిచ్చివాడు గదా, మరి నువ్వు కాశీ బస్సు ఎందుకు పెట్టావు?" అని. కుర్రాడు కాసేపు ఆలోచించి, "కాశీ కాశీయే గదండీ" అన్నాడు. నా నలభై ఏళ్ల సర్వీసులో తప్పు సమాధానానికి ఇంత సరైన కారణం ఏ పిల్లాడూ రాయలేదు.

పోనీ శాస్త్రమే అడుగుదాం. పాతకాలం నుంచి పెద్దలు చెప్పే మాట ఒకటుంది. తిరువారూరులో పుడితే, చిదంబరంలో దర్శించుకుంటే, కాశీలో పోతే, అరుణాచలాన్ని తలుచుకుంటే ముక్తి. ఈ మాట కరపత్రం పైన కూడా అచ్చేశారు, పువ్వుల అంచుతో. అచ్చేసినవాడు చదివాడో లేదో. కాశీ ఫలం దక్కాలంటే అక్కడ చచ్చిపోవాలి, అంటే తిరుగు టిక్కెట్టు దండగ. అరుణాచల ఫలం దక్కాలంటే ఊరికే తలుచుకోవాలి, అంటే పోయే టిక్కెట్టు కూడా దండగ. శాస్త్రాన్ని నమ్మినవాడు ఆ బస్సెక్కడు. ఎక్కినవాడు బస్సునే నమ్మాడు.

ఈ ముక్క బావమరిదికి చెప్పాను. "తలుచుకోడానికైనా ఓసారి సూడాల గదా బావా" అన్నాడు. దీనికి నా దగ్గర జవాబు లేదని ఒప్పుకుంటాను. అయితే అతను చూడబోయేది కొండనా, కొండ ముందు నిలబడ్డ తన ఫోటోనా అన్నది వేరే సంగతి. కిందటేడు వెళ్లొచ్చిన మా వీధివాళ్లు అష్టలింగాల్లో ఐదింటి పేర్లు మర్చిపోయారు, ఎనిమిది చోట్లా తీసుకున్న ఫోటోలు మాత్రం వరసగా ఉన్నాయి. పద్నాలుగు కిలోమీటర్లు చెప్పుల్లేకుండా నడిచామని ఇంటింటికీ తిరిగి చెప్పారు. చెప్పడానికి తిరిగిన దూరం ఇంకో పద్నాలుగు ఉంటుంది.

లెక్క కావాలంటే మనవాళ్ల లెక్క చూడండి. వంశధార ఒడ్డున శ్రీముఖలింగం. తూర్పు గాంగుల నాటి గుడి, ఇప్పచెట్టులోంచి వెలిశాడని చెప్పుకునే మధుకేశ్వరుడు, పక్కనే భీమేశ్వరుడు, సోమేశ్వరుడు. దాన్ని దక్షిణ కాశీ అన్నారు. కాశీలో కోటి లింగాలుంటే ఇక్కడ కోటికి ఒకటి తక్కువ అన్నారు. ఎంత మర్యాదస్తుల లెక్కో గమనించండి. కోటి అనేస్తే పోయేదేముంది, ఎవడు లెక్కపెట్టొచ్చాడు? అయినా ఒకటి తగ్గించి చెప్పారు. కరపత్రం కుర్రాడి చేతికి ఆ స్థలపురాణం ఇస్తే కోటిన్నర చేసి, పిల్లలకు సగం టిక్కెట్టు అని రాసేవాడు.

కాశీకి పోతే ఇష్టమైన కూరో పండో అక్కడ వదిలేసి రావాలి గదా. మా వీధిలో కాశీ వెళ్లొచ్చినవాళ్లందరూ వదిలేసింది కాకరకాయ. ఒకాయన మరీ త్యాగశీలి, ముల్లంగి కూడా వదిలేశాడు. ఇన్నేళ్లలో పలాసవాడెవడూ జీడిపప్పు వదిలేసిన దాఖలా లేదు. గంగ ఒడ్డున మనవాళ్లు వదిలిన కాకరకాయలన్నీ పోగుపడితే మణికర్ణికకు దారి ఉండదు.

కాశీయాత్ర మీద పుస్తకం రాసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే 18న చెన్నపట్నంలో కాశీకి బయల్దేరి, మళ్లీ ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. పదిహేను నెలలు. తిరుగు దారిలో జగన్నాథం మీదుగా మన గంజాం తీరం పట్టుకుని దిగారు. దారిలో ప్రతి మజిలీలో నీళ్లెలా ఉన్నాయో, బియ్యం దొరుకుతాయో లేదో, మనుషులెలా బతుకుతున్నారో రాసుకున్నారు. కాశీ ఎంత పుణ్యమో చెప్పడానికి ఆయన పుస్తకం అక్కర్లేదు, దారి ఎలాంటిదో తెలియడానికి కావాలి. మన ఏసీ బస్సుకి కిటికీ తెరలుంటాయి. పగలు వేసేస్తారు, లోపల సినిమా సరిగ్గా కనబడదని.

ఆ రెండో క్షేత్రం, అరుణాచలం సంగతీ వినండి. అన్నకు కాలేజీ ఫీజు కట్టమని ఇచ్చిన డబ్బులో మూడు రూపాయలు తీసుకుని 1896లో ఇల్లు వదిలాడు పదహారేళ్ల వెంకటరామన్, తర్వాతి రమణ మహర్షి. దారిలో చేతిడబ్బులు చాలక చెవిపోగులు తాకట్టు పెట్టాడు. సెప్టెంబరు 1న తిరువణ్ణామలై చేరి, మిగిలిన చిల్లర కోనేట్లో పారేశాడు. 1950లో పోయేదాకా ఆ కొండ విడిచి ఎక్కడికీ పోలేదు. ఆయన పేరు చెప్పి ఇవాళ మూడు రాత్రులు, నాలుగు పగళ్లు, రెండు పూటలా టిఫిను.

ఇంత దూరం ఎందుకు, మన టెక్కలి పక్కన రావివలసకు రండి. ఎండల మల్లన్న. నెత్తిన కప్పు వద్దన్న దేవుడు. కట్టబోయిన వాళ్లకు కట్టడం సాగలేదని చెబుతారు, మనకు తెలిసినప్పట్నుంచీ ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ ఆరుబయట నిలబడే ఉన్నాడు. మన ఉద్దానం తోటల్లో జీడిపిక్కలు ఏరే మనిషి ఎలా ఉంటుందో అలాగే ఉన్నాడు. దేవుడికి కప్పు అక్కర్లేదు, భక్తుడికి ఏసీ కావాలి. కార్తీక సోమవారాలు వదిలేస్తే మల్లన్న దగ్గర తొక్కిడి ఉండదు. శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకు ఫ్లెక్సీ లేదు.

తొక్కిడి అన్న మాట వచ్చింది గనక చెబుతాను. ఇంతవరకూ వేళాకోళం.

పలాసవాడు ఎటు పోదామా అని వేలు పెట్టి వెతికే పేర్లన్నీ తీసుకోండి. 2025 ఒక్క ఏడాదే తీసుకోండి. తిరుపతి: జనవరి 8, వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తోపులాటలో పోయినవాళ్లు ఆరుగురు. ప్రయాగ: జనవరి 29, మౌని అమావాస్య స్నానం, సర్కారు లెక్క ప్రకారమే ముప్పై మంది. సింహాచలం: ఏప్రిల్ 30, చందనోత్సవం నాడు టిక్కెట్టు కొనుక్కుని వరసలో నిలబడ్డవాళ్ల మీద గోడ కూలి ఏడుగురు. పూరీ: జూన్ 29, గుండిచా మందిరం దగ్గర ముగ్గురు. ఆ తర్వాత మా ఊరు. నవంబరు 1, కార్తీక ఏకాదశి, శనివారం, తొమ్మిది మంది.

ఇందులో ఏ క్షేత్రం గొప్పదో చెప్పండి. ఓటింగు పెట్టండి.

కాశీబుగ్గ వెంకటేశ్వరుడి గుడికి ఆరోజు వచ్చినవాళ్లు ఎంచుకుని రాలేదు. ఎంచుకునే స్తోమతు ఉంటే పెద్ద తిరుపతికే పోయేవాళ్లు. కొండకు పోవాలంటే రైలు టిక్కెట్టు, గది, రెండు మూడు రోజుల కూలి పోగొట్టుకోవడం, ఇంట్లో పిల్లలకు వండిపెట్టే మనిషిని వెతుక్కోవడం. ఇవేవీ లేనివాళ్లకు ఊళ్లోనే చిన్న తిరుపతి అని ఒకటి వెలిస్తే అంతకంటే ఏం కావాలి? తెల్లారి లేచి తలారా స్నానం చేసి, ఆటోలో పదిమంది కలిసి వచ్చారు. పోయినవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లు. ఏడాది పొడుగునా ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి తిరిగే ఆడదానికి ఒక్క ఏకాదశి పూట దేవుడి పేరు చెప్పి బయటికి రావడం ఒక్కటే దొరికే సెలవు. ఆ సెలవు మెట్ల మీద అయిపోయింది. రెయిలింగు విరిగిందన్నారు. లోపలికీ బయటికీ ఒకటే దారి అన్నారు. ప్రైవేటు గుడి, దేవాదాయ శాఖ కిందికి రాదన్నారు. ముందుగా ఎవరూ చెప్పలేదన్నారు. కార్తీకమాసంలో ఏకాదశి వస్తుందని అధికారులకు ఎవరైనా విడిగా ఉత్తరం రాయాలా? పంచాంగం కొనడానికి బడ్జెట్టు లేదా?

దానికంటే నా ఒళ్లు మండించిన మాట ఇంకోటుంది. మా వీధి అరుగు మీదే విన్నాను. "ఏకాదశి నాడు, గుడిలో... పుణ్యాత్ములు, నేరుగా వైకుంఠమే." అన్నాయన కాకరకాయ వదిలేసిన పెద్దమనిషే. నేను లేచి వచ్చేశాను. రాకపోతే అరవై నాలుగేళ్ల వయసులో మొదటిసారి ఒక మనిషి మీద చెయ్యి చేసుకుని ఉండేవాణ్ని. ఊపిరాడక చచ్చిపోవడం పుణ్యమా? పక్క మనిషి మోచేయి గొంతుకు అడ్డం పడి, కాలి కింద ఇంకో మనిషి ఉందని తెలిసి కూడా కాలు తీయలేక పోవడం వైకుంఠమా? ఇంత చవగ్గా వైకుంఠం దొరికితే ఈయన బస్సుకెందుకు పేరు రాయించాడు? పుణ్యం లెక్క పెద్ద తప్పు చేసేది ఇక్కడే. చావుని కూడా ఫలం వరసలో రాసేస్తుంది. రాసేశాక రెయిలింగు ఎవరు పెట్టారని ఎవడూ అడగడు.

ఇంకో పట్టిక చూపిస్తాను. కరపత్రంలో లేనిది. పలాసలో, సోంపేటలో, కవిటిలో డయాలసిస్ మంచాల ముందు వారం వారం కూర్చునేవాళ్లది. వారానికి రెండుసార్లో మూడుసార్లో పోవాలి, పోయినప్పుడల్లా నాలుగు గంటలు. ఏ వారం ఏ ఫలమంటే, ఈ వారం పోతే వచ్చే వారం దాకా బతుకుతారు. మూడు రాత్రులు, నాలుగు పగళ్లు ఊరు విడిచి ఉండటం వాళ్ల వల్ల కాదు. నా పాత శిష్యుడొకడు ఉన్నాడు, కొబ్బరిచెట్టు ఎక్కడంలో మొనగాడు. తిత్లీ తుఫానుకి, 2018 అక్టోబరులో, చెట్లన్నీ పడిపోయాయి. తర్వాత కిడ్నీలు పోయి వాడు పడిపోయాడు. మొన్న కనబడితే అడిగాడు, "మాస్టారూ, అరుణాచలం తలుసుకుంటే సాలంట గదా, నిజమేనా?" అని. నిజమేరా అన్నాను. ఆ శాస్త్రం ఇన్నాళ్లకు ఒక్క మనిషికి పనికొచ్చింది.

కాశీ నుంచి వచ్చినవాళ్లు సీలు వేసిన రాగి చెంబులో గంగ తెస్తారు. దేవుడి గూట్లో పెడతారు, మూత తీయరు. అదే ఇంట్లో కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇన్నేళ్లకూ ఎవరూ తేల్చలేదు. నీళ్లా, మందులా, ఎండలో చాకిరీయా, అన్నీ కలిసా అని తర్జనభర్జన నడుస్తూనే ఉంది. ఏడువందల కోట్లు పెట్టి హిరమండలం రిజర్వాయరు నుంచి పైపులు వేసి, 2023 డిసెంబరు 14న మంచినీళ్ల పథకం తెరిచారు. హిరమండలం నీళ్లంటే వంశధార. ముఖలింగేశ్వరుడి కాళ్ల దగ్గర పారే వంశధారే ఉద్దానం కుళాయిలోకి వచ్చింది. ఆ కుళాయి ముందు ఎవరూ కొబ్బరికాయ కొట్టలేదు. ఈ నెల మా వీధికి ఎన్ని రోజులు వచ్చిందని వాట్సాప్‌లో ఓటింగు పెట్టమన్నాను. పెట్టలేదు. గ్రూపు ఆధ్యాత్మికమట.

మొన్న రాత్రి బావమరిది మళ్లీ ఫోను చేశాడు. "తేల్సావా బావా? కాశీయా, అరుణాసలమా?"

"ఒక్కటి కనుక్కుని చెప్పు. అక్కడ లోపలికి పోయే దారి ఎక్కడ, బయటికొచ్చే దారి ఎక్కడ? రెండూ వేరువేరా?"

అవతల కాసేపు చప్పుడు లేదు. నేను వేళాకోళం ఆడుతున్నానేమోనని చూసినట్టున్నాడు.

"అదెవుడు సూత్తాడు బావా? ముందు లోపలికెల్లాల గదా."

నేనేమీ అనలేదు. ఎల్లుండిలోగా చెప్పమన్నాడు. కిటికీ పక్క సీట్లు రెండే మిగిలాయట.